ఊదితే పగులుతుంది... ఊదకపోతే పోతుంది!

2022 సెప్టెంబర్‌లో ఒక వీడియో మన ఫోన్లన్నీ చుట్టేసింది. గుర్తుందా? అమెరికన్ పాప్ సింగర్ లిజ్జో వాషింగ్టన్‌లో కచేరీ చేస్తూ మధ్యలో ఒక గాజు ఫ్లూట్ అందుకుని రెండు స్వరాలు ఊదింది. హాలు హాలంతా ఒకటే కేకలు. ఆ ఫ్లూట్‌ని 1813లో పారిస్‌లో క్లోడ్ లోరాన్ అనే ఆయన తయారుచేశాడు. అమెరికా నాలుగో ప్రెసిడెంట్ జేమ్స్ మాడిసన్ కోసం చేసింది అది. లైబ్రరీ వాళ్లు దాన్ని కాపలాతో తెచ్చారు, మళ్లీ కాపలాతో పట్టుకెళ్లారు.

వీడియో కింద జనం రెండు పార్టీలుగా చీలిపోయారు. "రెండొందల ఏళ్ల వస్తువుని స్టేజీ ఎక్కిస్తారా?" అని ఒకరు. "ఊదడానికి కాకపోతే ఫ్లూట్ దేనికి?" అని ఇంకొకరు. లిజ్జోని పక్కన పెట్టండి. ఆ గొడవ మాత్రం నాకు రోజూ ఇంట్లోనే ఉంటుంది. ఎందుకంటే నేను పాత చెక్క వాయిద్యాలు పోగేస్తాను. ఆరేళ్లలో నాలుగు. లెక్క చిన్నదే, తలనొప్పి మాత్రం పెద్దది.

ఆ గాజు ఫ్లూట్ కథకి అసలు హీరో వేరే ఉన్నాడు. పేరు డేటన్ మిల్లర్. 1866లో పుట్టి 1941లో పోయాడు. క్లీవ్‌లాండ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. ధ్వని తరంగాలను ఫొటో తీసే యంత్రాన్ని 1908లో కనిపెట్టాడు. జీవితమంతా ఫ్లూట్లు పోగేశాడు. దాదాపు 1,700 వాయిద్యాలు! పోయేముందు మొత్తం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి రాసిచ్చేశాడు. వాటిలో గాజువి కొన్నే. చెక్కవి బోలెడు.

చెక్క దగ్గరే అసలు కథ మొదలవుతుంది. గాజు కింద పడితే పగులుతుంది. చెక్క ఊరికే కూర్చోబెట్టినా పగులుతుంది.

ముందు కర్రని చదవాలి

పాత వాయిద్యం చేతికి రాగానే చాలామంది కంపెనీ పేరు వెతుకుతారు. నేను ముందు కర్ర చూస్తాను.

లేత పసుపు లేదా తేనె రంగులో ఉండి, కాస్త వంగినట్టుగా ఉంటే అది బాక్స్‌వుడ్ కావచ్చు. 18వ శతాబ్దంలో యూరప్‌లో ఫ్లూట్లు, క్లారినెట్లు ఎక్కువగా దాంతోనే చేసేవాళ్లు. వయసు మీద పడేకొద్దీ ఆ కర్ర వంగుతుంది. ముసలాయన నడుములాగా. 19వ శతాబ్దంలో నల్ల కర్ర రాజ్యం వచ్చింది. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అంటారు. టాంజానియా, మొజాంబిక్ అడవుల్లో పెరుగుతుంది. నీళ్లలో వేస్తే మునిగిపోతుంది, అంత బరువు. మన అడవుల్లో ఇరుగుడు చెట్టు ఉంది చూశారూ, రోజ్‌వుడ్, దానికి ఇది దాయాదే. ఇవాళ్టికీ మంచి క్లారినెట్లు ఈ కర్రతోనే వస్తున్నాయి.

తర్వాత మీటలు లెక్కపెట్టాలి. క్లారినెట్ పుట్టింది 1700 ప్రాంతంలో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో, డెన్నర్ అనే పనివాడి చేతిలో. మోజార్ట్ కాలానికి దానికి మామూలుగా ఐదు మీటలు. 1812 నాటికి ఇవాన్ ముల్లర్ అనే విద్వాంసుడు పదమూడు మీటలతో ఒకటి తెచ్చాడు. 1840ల ప్రాంతంలో పారిస్‌లో క్లోజే అనే ఆయన, బ్యూఫే అనే తయారీదారు కలిసి ఇంకో పద్ధతి తెచ్చారు. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చాలావరకు దాని మనవళ్లే. పాత పదమూడు మీటల పద్ధతి మాత్రం వెంటనే చచ్చిపోలేదు. బ్రస్సెల్స్‌లో అల్బర్ట్ అనే ఆయన దాన్ని మెరుగుపరిచాడు. న్యూ ఆర్లీన్స్‌లో తొలినాటి జాజ్ వాళ్లు, సిడ్నీ బెషే లాంటివాళ్లు, ఊదింది ఆ అల్బర్ట్ రకమే.

అంటే మీటల అమరిక చూస్తే వాయిద్యం ఏ కాలం పద్ధతిదో ఒక అంచనా వస్తుంది. ఇందుకు ఏ నిపుణుడూ అక్కర్లేదు, వేళ్లు చాలు.

హెచ్‌పి అంటే ల్యాప్‌టాప్ కాదు

కొన్ని పాత క్లారినెట్ల మీద 'హెచ్‌పి' అనో 'ఎల్‌పి' అనో చిన్న ముద్ర ఉంటుంది. హై పిచ్, లో పిచ్ అని. కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన అతి ముఖ్యమైన విషయం ఇదే.

ఇప్పుడు ప్రపంచమంతా 'ఎ' స్వరానికి సెకనుకి 440 కంపనాలని ఒప్పుకుంది. 1939లో లండన్‌లో కూర్చుని తేల్చుకున్నారు. అంతకుముందు ఎవరి శ్రుతి వాళ్లదే. ఫ్రాన్స్ 1859లో 435 అని చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో దాదాపు 452 దాకా వెళ్లారు. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరి దాకా ఆ పెద్ద శ్రుతినే పట్టుకుని వేలాడాయి.

440కి 452కి తేడా ఎంతనుకుంటున్నారు? దాదాపు అర్ధస్వరంలో సగం. చెవికి బాగా గుచ్చుకుంటుంది. 452 క్లారినెట్‌ని కీబోర్డు పక్కన ఊదితే పెళ్లిలో వియ్యంకులిద్దరూ ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది. గొట్టం కొంచెం బయటికి లాగి సర్దొచ్చు కదా అంటారు. లాగితే ఒక స్వరం దారికొస్తుంది, ఇంకోటి దారి తప్పుతుంది. ఎందుకంటే రంధ్రాల మధ్య దూరాలు మారవు కదా.

ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. ఏదైనా ట్యూనర్ యాప్ వేసుకోండి. ఐదు నిమిషాలు ఊది కర్ర వెచ్చబడ్డాక చూడండి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే చేయండి. వేడికి శ్రుతి పైకి పాకుతుంది, మే నెల మధ్యాహ్నం చూసిన అంకెని నమ్మడానికి లేదు. ఫోన్ టార్చి గొట్టంలోకి వేసి చూడటం రెండో పని. లోపల సన్నటి గీత కనిపించిందా? ఆ గీత రంధ్రాల మీదుగా పోతోందా? అయితే ధర సగం మీరే చెప్పొచ్చు.

ఎందుకు పగులుతుంది?

మన ఊపిరి వెచ్చన, దాన్నిండా తేమ. ఊదగానే లోపలి కర్ర ఆ తేమ తాగి ఉబ్బుతుంది. బయటి కర్ర పొడిగానే ఉంటుంది. లోపలిది బయటికి నెడుతుంది, బయటిది చోటివ్వదు. చివరికి నెర్రె పడుతుంది. నాలుగేళ్లు బీరువాలో ఎండిన క్లారినెట్‌ని ఒక్కసారే గంటసేపు ఊదితే జరిగేది ఇదే. పాత ఇంగ్లిష్ ఫ్లూట్లది ఇంకో బాధ. తల భాగంలో లోపల లోహపు గొట్టం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. ఎవరూ ఊదకుండానే పగిలిపోతుంది.

అందుకే మ్యూజియాలు చాలావరకు "ముట్టుకోవద్దు" అంటాయి. వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఒకసారి పగిలాక అతుకు వేయొచ్చు కానీ, రెండొందల ఏళ్ల కిందటి పనివాడు తొలిచిన లోపలి కొలత మారిపోతే అది తిరిగి రాదు. ఆ కొలతలు చూసే ఇవాళ్టి పనివాళ్లు నకళ్లు చేస్తున్నారు. 18వ శతాబ్దపు సంగీతాన్ని ఆ కాలపు గొంతుతో వినగలుగుతున్నామంటే, ఎవరో ఆ కర్రని కదపకుండా దాచబట్టే.

మరి రెండో పార్టీ మాటేంటి? వాళ్లదీ న్యాయమే. ఫిలిప్ బేట్ అనే ఆంగ్లేయుడు తన వాయిద్యాలన్నీ 1968లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, షరతు పెట్టాడు. పాఠం చెప్పడానికి వాడాలి, చూసుకోవడానికి తెలిసిన మనిషిని పెట్టాలి అని. అద్దాల పెట్టెలో పడుకోబెట్టడానికి ఆయన మనసు ఒప్పలేదన్నమాట.

ఇంకొకాయన నాకు మరీ ఇష్టం. సర్ నికొలస్ షాకిల్టన్. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త. సముద్రం అడుగున మట్టి పొరల్లో దొరికే చిన్న చిన్న గవ్వలను పరీక్షించి, లక్షల ఏళ్ల కిందటి మంచుయుగాల లెక్క తేల్చిన బృందంలో ఒకడు. 1976లో వచ్చిన వాళ్ల పేపర్ ఇవాళ్టికీ వాతావరణ శాస్త్రానికి మూలస్తంభం. ఆయన సరదా ఏంటో తెలుసా? క్లారినెట్లు! 2006లో ఆయన పోయాక ఎనిమిది వందలకు పైగా వాయిద్యాలు ఎడిన్‌బరో యూనివర్సిటీకి చేరాయి. ఒక్క గవ్వ ఏమీ చెప్పదు, వరుసగా పేర్చితే యుగాలు కనిపిస్తాయి. ఒక్క క్లారినెట్ కూడా అంతే. ఎనిమిది వందలు వరసలో పెడితే మనిషి చెవి ఎలా మారిందో కనిపిస్తుంది.

పోగేయడం వెనక ఒక్కోసారి గుండె బరువు కూడా ఉంటుంది. ఇంగ్లండ్‌లో గాల్పిన్ అనే చర్చి పాస్టర్ 560 దాకా వాయిద్యాలు పోగేశాడు. బోస్టన్‌లో విలియం లిండ్సే అనే ధనవంతుడు ఆ కలెక్షన్ కొని, అక్కడి మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కి ఇచ్చేశాడు. ఎందుకు? 1915 మేలో లూసిటేనియా ఓడని జర్మన్ టార్పిడో ముంచేసినప్పుడు, కొత్తగా పెళ్లయిన ఆయన కూతురు లెస్లీ, అల్లుడు ఇద్దరూ అందులోనే పోయారు. ఆ కలెక్షన్ ఇవాళ్టికీ ఆ అమ్మాయి పేరుతోనే ఉంది. గొంతు పోయిన బిడ్డ పేరు మీద వందల గొంతులు దాచాడు ఆ తండ్రి.

ఒంగోలు వైపు ఒక మాస్టారు

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోకండి. క్లారినెట్ మన పెళ్లిళ్లలో ఎన్ని తరాలుగా మోగిందో మీ తాతమ్మని అడగండి. బ్యాండు మేళంలో ముందు నడిచేది అదే. తర్వాత కీబోర్డు వచ్చింది, డీజే వచ్చింది. క్లారినెట్లు అటకెక్కాయి.

మూడేళ్ల కిందట ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో బ్యాండు మాస్టారొకాయన్ని కలిశాను. వయసు ఎనభై దాటింది. సంచిలోంచి నల్లటి క్లారినెట్ తీశారు. పదమూడు మీటలు. పై భాగంలో పగులు, దానికి ఎవరో రాగి తీగ చుట్టారు. వాళ్లబ్బాయి పక్కనే ఉన్నాడు. సిటీ నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చి రేటు చెప్పి వెళ్లాడట. అది ఏదో హోటల్ గోడకి అలంకారంగా వెళ్తుందట.

"దీనికి ఎండాకాలం కోపం, వానాకాలం జబ్బు బాబూ" అన్నారు మాస్టారు. "కొబ్బరినూనె పూసి పూసి ఇన్నాళ్లు కాపాడా."

"శ్రుతి ఎక్కువ కదా మాస్టారూ?" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "నీకెట్లా తెలుసు? మా మేళంలో ఆరు క్లారినెట్లు, ఆరూ ఇదే శ్రుతి. కొత్తది ఒకటి తెచ్చారు, కలిస్తేగా! తిరిగి పంపించేశాం."

రెండు నిమిషాలు ఊదారు. పళ్లు లేవు, దమ్ము లేదు. అయినా ఆ మొదటి స్వరానికి పక్కింటి వాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. తనకంటే ముందు దాన్ని ఊదిన ముగ్గురి పేర్లు, వాళ్ల ఊళ్లు చెప్పారు. రాసుకున్నాను. వ్యాపారి చెప్పిన రేటే నేనూ ఇస్తానన్నాను. ఆయన ఒక షరతు పెట్టారు.

"బీరువాలో పెట్టి తాళం వేస్తానంటే నీకు అమ్మను. వారానికోసారైనా దానికి ఊపిరి తగలాలి."

చూశారా! ఆక్స్‌ఫర్డ్‌లో బేట్ గారు పెట్టిన షరతే, ఇంచుమించు.

అప్పట్నుంచీ నా ఇంట్లో రెండు పార్టీలు. కర్ర వైపు నుంచి చూస్తే ఊదకూడదు, పగులు పెరుగుతుంది. మాట వైపు నుంచి చూస్తే ఊదాలి. నేను చేసుకున్న ఒప్పందం ఇది: ఆదివారం పొద్దున్నే ఐదు నిమిషాలు, అంతకు మించి లేదు. అరచేతుల్లో పట్టుకుని కర్రని వెచ్చబరిచాకే ఊదుతాను. అవ్వగానే మెత్తటి గుడ్డ లోపలినుంచి లాగి తడి తీసేస్తాను. ఏడాదికి రెండుసార్లు బాదం నూనె, లోపల పల్చగా, ప్యాడ్లకి తగలకుండా. ఏసీ గదిలో పెట్టను, ఆ గాలి మరీ పొడి. మే నెలంతా సెలవు. ప్రతి నెలా టార్చి వేసి పగులుని కొలుస్తాను. అది ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఊదడం ఆపేస్తానని మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరే, అప్పుడు రికార్డు వినిపించు దానికి" అన్నారు.

పేరు లేకపోతే కర్రే

ఆ క్లారినెట్ వెల వెయ్యి పెరగొచ్చు, తగ్గొచ్చు. దాని పెట్టెలో ఒక కాగితం ఉంది. నలుగురి పేర్లు, ఊళ్లు, శ్రుతి, ఏ రాగంతో పెళ్లి మేళం మొదలెట్టేవాళ్లో. నా దృష్టిలో ఆ కాగితమే కలెక్షన్. హోటల్ గోడకెక్కి ఉంటే కర్ర నిలిచేది, బహుశా నా దగ్గరకంటే ఎక్కువ కాలం. కానీ ఆ నలుగురూ మాయమయ్యేవాళ్లు.

మన సన్నాయిల గతి ఇంకా తొందరగా చెడుతోంది. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి విద్వాంసుల వెనక ఊరూరా వందల మంది ఊదారు. వాళ్ల వాయిద్యాలు ఎక్కడున్నాయి? తమిళనాడులో నరసింగంపేట నాదస్వరానికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి పనివాళ్లు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాల కర్ర ఏరి తెచ్చుకుంటారు. దశాబ్దాలు ఎండి చేవదేరిన కర్ర కదా, ఇక వంకర తిరగదు. వాళ్లు దూలాన్ని వాయిద్యం చేస్తున్నారు, మనం వాయిద్యాన్ని పొయ్యిలోకి తోస్తున్నాం.

మీకూ ఆసక్తి పుడితే నాలుగు మాటలు. పాతదాన్ని కొత్తగా మెరిపించాలని సాన పట్టకండి, తయారీదారు ముద్ర పోతుంది. ఎండిన వాయిద్యాన్ని కొన్న రోజే ఊదకండి, మొదటివారం రోజుకి రెండు మూడు నిమిషాలు చాలు. పాత ఫ్లూట్లకి తెల్లటి ఉంగరాలుంటే జాగ్రత్త, ఏనుగు దంతం కావచ్చు. మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నేరం. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని సొంతంగా విదేశాలకి పంపకూడదు. బయటినుంచి తెప్పించుకునేటప్పుడు బ్లాక్‌వుడ్ సంగతీ చూసుకోవాలి. ఆ జాతి కర్రలన్నిటి మీదా 2017లో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. తయారైన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు వాయిద్యానికే, దుంగకి కాదు.

కొనడానికి డబ్బుల్లేవా? మంచిదే. అసలు పనికి డబ్బులక్కర్లేదు. మీ వీధిలోనో, అమ్మమ్మగారి ఊళ్లోనో సన్నాయి తాతో, బ్యాండు మాస్టారో తప్పకుండా ఉంటారు. వాళ్ల వాయిద్యం కొనకండి. ఫోన్ పట్టుకెళ్లి ఐదు నిమిషాలు వినండి. రికార్డు చేయొచ్చా అని అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పీక ఎవరు కట్టిచ్చేవారు, మొదటి మేళం ఏ ఊళ్లో అని రాసుకోండి. ఒక కాపీ మీ దగ్గర, ఒక కాపీ వాళ్ల పిల్లల ఫోన్లో.

కర్రకి ఇంకా వందేళ్లు టైముంది. ఊదేవాళ్లకే లేదు.